డిస్కు మంచిదే, బ్యాకప్పే రాదు

పాత సర్వరుకి కొత్త డిస్కు తగిలిస్తే రాత్రి బ్యాకప్పు ఎందుకు ఆగిపోతోందన్న ప్రశ్నకి మన కన్సల్టెంట్ల దగ్గర సిద్ధాన్నం లాంటి జవాబొకటుంది: "సాఫ్టువేరు పాతదండీ, అప్‌గ్రేడ్ చేసుకోండి." చెప్పేవాళ్ళకి ఈ జవాబు సుఖంగానే ఉంటుంది. వినేవాళ్ళకి మాత్రం వంద డాలర్ల డిస్కు కాస్తా వేల డాలర్ల సర్వరు మార్పిడి అయి కూర్చుంటుంది. ఈ జవాబు చాలాసార్లు తప్పనీ, తప్పు కానప్పుడు కూడా సగమే నిజమనీ నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి, డిస్కు లోపలికి వెళ్ళాలి. జావా, సాప్, ఒరాకిల్ చేసుకునే మిత్రులు "ఇవి మాకెందుకయ్యా" అనుకోకుండా ఓ పది నిమిషాలు ఓపిక పట్టాలి. మీ డేటాబేసులు కూడా చివరికి వెళ్ళి కూర్చునేది ఆ పళ్ళెం మీదే.

డిస్కు మీద రాతకి అతి చిన్న కొలత సెక్టరు. దాన్ని సగానికి విరిచి రాయడం కుదరదు. రాస్తే మొత్తం సెక్టరు రాయాలి, చదివితే మొత్తం చదవాలి. 1981లో ఐబీఎం పీసీ వచ్చిన నాటి నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు పీసీ లోకంలో సెక్టరంటే 512 బైట్లే. మనమంతా ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సులో ఆ అంకె బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరిచిపోయినవాళ్ళమే. సాఫ్టువేరు రాసినవాళ్ళు మాత్రం మరిచిపోలేదు. ఆ అంకెని ఏ పట్టికలోనో పెట్టి అడిగి తెలుసుకోకుండా, నేరుగా కోడులోనే నాటేశారు. ఎన్ని కోట్ల వరుసల కోడులో ఆ 512 పాతుకుపోయి ఉందో ఎవరికీ లెక్క లేదు.

డిస్కులు పెద్దవవుతున్న కొద్దీ ఆ కొలత గిట్టుబాటు కాకుండా పోయింది. ప్రతి సెక్టరుకీ ముందొక ఖాళీ, మొదలెక్కడో చెప్పే గుర్తులు, వెనక తప్పులు దిద్దుకునే కోడు, ఇవన్నీ ఉండాలి. 512 బైట్ల సెక్టరుకి ఈ పైఖర్చు సుమారు 65 బైట్లు. అందులో 50 దాకా తప్పులు దిద్దే కోడుకే పోతాయి. అదే 4096 బైట్ల సెక్టరు అయితే ఆ కోడుని రెట్టింపు చేసి 100 బైట్లిచ్చినా మొత్తం పైఖర్చు 115 దాటదు. పళ్ళెం మీది జాగాలో అసలు డేటాకి దక్కేది 88 శాతం నుంచి 97 శాతానికి పెరుగుతుంది, తప్పులు దిద్దుకునే శక్తీ పెరుగుతుంది. అందుకని తయారీదార్లంతా ఐడెమా అనే తమ సంఘంలో కూర్చుని, 2011 జనవరి నుంచి లాప్‌టాప్, డెస్క్‌టాప్ డిస్కుల కొత్త నమూనాలన్నీ 4096 బైట్ల సెక్టర్లతోనే వస్తాయని ఒప్పుకున్నారు. దానికి అడ్వాన్స్‌డ్ ఫార్మాట్ అని పేరు పెట్టారు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఇంజినీరింగ్ పరంగా నూటికి నూరుపాళ్ళు సరైన పని.

పేచీ దాన్ని జనానికి అందించిన తీరుతోనే.

మన పల్లెల్లో ధాన్యం కొలతలు గుర్తున్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. అంటే ఎనిమిది గిద్దలు ఒక తవ్వ. ఎనిమిది 512లు కూడా సరిగ్గా ఒక 4096. ఇప్పుడు కొట్లో తవ్వ తప్ప ఇంకో కొలపాత్ర లేదనుకోండి. పాత ఖాతాదార్లు మాత్రం గిద్దల్లోనే అడుగుతారు. వాళ్ళకి ఆ సంగతి చెప్పకుండా కొట్టువాడు "గిద్దా? ఎందుకు లేదు, ఇదిగో" అంటాడు. లోపలికెళ్ళి తవ్వెడు గింజలు కుమ్మరించి, అందులో గిద్దెడు తీసి, కొత్త గిద్ద కలిపి, మళ్ళీ తవ్వలో పోసి పెడతాడు. దీన్నే 512ఈ అంటారు. లోపల 4096, బయటికి 512, మధ్యలో దుబాసీ. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కులో ఇలా ఒకసారి కుమ్మరించి పోయాలంటే పళ్ళెం ఇంకో చుట్టు తిరిగి రావాలి, అంటే 8.3 మిల్లీసెకన్లు. ఒక్కసారైతే ఎవరికీ తెలియదు. రాత్రంతా చిన్న చిన్న రాతలు రాసే పాత ప్రోగ్రాముకి లక్షలసార్లు జరిగితే, తెల్లవారేసరికి ముగియాల్సిన బ్యాకప్పు మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా నడుస్తూనే ఉంటుంది. దీనికి తోడు విండోస్ సర్వర్ 2003 దాకా పార్టిషను 63వ సెక్టరు దగ్గర మొదలయ్యేది. 63 ఎనిమిదితో భాగించబడదు కాబట్టి ప్రతి రాతా రెండు తవ్వల మీద అడ్డంగా పడేది. 2008 నుంచి ఒక మెగాబైటు దగ్గర మొదలెట్టడంతో ఆ పీడ వదిలింది.

దుబాసీ లేకుండా లోపలా బయటా 4096 అని నిజం చెప్పే డిస్కులు రెండో రకం, వాటిని 4కె నేటివ్ అంటారు. విండోస్ లోకంలో వీటికి అధికారికంగా చోటు దొరికింది విండోస్ 8, సర్వర్ 2012 తోనే. 512ఈ రకానికి సర్వర్ 2008 ఆర్2లో సర్వీస్ ప్యాక్ 1 అయినా, 982018 అన్న నంబరు అప్‌డేట్ అయినా ఉంటే మద్దతుంది.

అసలు తమాషా మూడో రకంలో ఉంది. చిన్న ఆఫీసులన్నీ బ్యాకప్పుకి కొనేది ఈ రకాన్నే, అంటే కొట్లో అట్టపెట్టెలో దొరికే యూఎస్‌బీ డిస్కు. పాత ఎంబీఆర్ పద్ధతిలో సెక్టర్ల లెక్కకి 32 బిట్లే ఉంటాయి. రెండు టు ద పవర్ 32 ని 512తో హెచ్చవేస్తే 2.2 టెరాబైట్లు, అక్కడితో సరి. మూడు టెరాబైట్ల డిస్కు అమ్మాలి, ఎక్స్‌పీ వాడేవాళ్ళకీ పనిచెయ్యాలి. ఏం చేశారంటే, పెట్టెలో ఉన్న చిన్న బోర్డు చేత బయటికి 4096 అని చెప్పించారు. 512 బదులు 4096తో హెచ్చవేస్తే హద్దు ఒక్కసారిగా ఎనిమిది రెట్లయింది. అంటే లోపల పళ్ళెం 4096, దాని దుబాసీ దాన్ని 512గా చెబుతుంటే, పెట్టె బోర్డు ఆ 512లని మళ్ళీ 4096గా చెబుతుంది. తవ్వని గిద్దలు చేసి, గిద్దల్ని మళ్ళీ తవ్వ చేసి! పెట్టె మీద మాత్రం ఒకే మాట: "ఎక్స్‌పీ, విస్టా, విండోస్ 7 లతో పనిచేస్తుంది." పనిచేసే మాట నిజమే. ఫైళ్ళు కాపీ అవుతాయి, ఫొటోలు తెరుచుకుంటాయి, సినిమాలు ఆడతాయి.

బ్యాకప్పు ఒక్కటే రాదు. సర్వర్ 2008, 2008 ఆర్2 లలో వచ్చిన విండోస్ సర్వర్ బ్యాకప్ అనే ప్రోగ్రాము ఒక్కొక్క వాల్యూమునీ ఒక వీహెచ్‌డీ ఫైలుగా, అంటే డిస్కులో ఇంకో బొమ్మ డిస్కుగా, రాస్తుంది. ఆ వీహెచ్‌డీ అమరిక అంతా 512 బైట్ల లెక్క మీదే కట్టింది. అది గిద్దలు అడుగుతుంది, పెట్టె బోర్డు తవ్వ తప్ప ఇవ్వనంటుంది. ఫలితంగా తెర మీద కనపడే సందేశం "ఐ/ఓ డివైస్ ఎర్రర్". ఈ సందేశం చూసిన ఏ మనిషైనా ఏమనుకుంటాడు? డిస్కు పాడైందనుకుంటాడు. కొట్లో తిరిగిచ్చి అదే మోడలు ఇంకోటి తెచ్చుకుంటాడు. దానికీ అదే సందేశం. నా మటుకు నేను కంప్యూటరు చరిత్రలో జనాన్ని ఎక్కువసార్లు కొట్టుకీ ఇంటికీ తిప్పిన సందేశాల్లో దీనికి మంచి స్థానమే ఇస్తాను.

అన్నట్టు, ఆ వీహెచ్‌డీకి ఇంకో హద్దూ ఉంది, 2040 జీబీ. డిస్కు సరైన రకమే అయినా బ్యాకప్ చెయ్యాల్సిన వాల్యూము అంతకంటే పెద్దదైతే ఆ పాత ప్రోగ్రాము చేతులెత్తేస్తుంది. సర్వర్ 2012లో వీహెచ్‌డీఎక్స్ వచ్చి హద్దు 64 టెరాబైట్లకి పెరిగింది.

ఇది కాగితం మీద చదివితే చిన్న చిరాకులా ఉంటుంది. ఆఫీసుల్లో ఎలా ఉంటుందో చెబుతాను. నేను ఎమ్మెస్ ముగించి కన్సల్టింగ్‌లోకి వచ్చిన కొత్తల్లో, 2013లో, న్యూజెర్సీలో ఒక పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు చూసేవాణ్ణి. ఆవిడ తెలుగావిడే. 2008 ఆర్2 తరం సర్వరొకటి, దాని బ్యాకప్పుకి 1 టెరాబైటు యూఎస్‌బీ డిస్కులు రెండు. ఒకటి ఆఫీసులో ఉంటే ఇంకోటి ఆవిడ ఇంట్లో, ప్రతి శుక్రవారం అదీ ఇదీ మార్పు. చక్కటి ఏర్పాటు. అందులో ఒకటి పోయింది. 2011 అక్టోబరులో థాయిలాండ్ వరదల్లో డిస్కుల ఫ్యాక్టరీలు మునిగి ధరలు చుక్కలంటిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కొట్లో ఏది దొరికితే అది తెచ్చుకోవడం అందరికీ అలవాటైంది. ఆఫీసు మేనేజరు కూడా కొట్లో తక్కువలో దొరుకుతున్న 3 టెరాబైట్ల డిస్కు తెచ్చి తగిలించింది.

అక్కడి నుంచి వారం మార్చి వారం బ్యాకప్పు విఫలం. పాత డిస్కు తగిలించిన వారం "విజయవంతం" అని వస్తుంది, కొత్తది తగిలించిన వారం రాదు. సగం రోజులు పచ్చగా కనపడే పట్టికని ఎవరు పట్టించుకుంటారు? డిస్కు రెండుసార్లు మార్చి తెచ్చారు. డిస్కు కంపెనీకి ఫోను చేస్తే "డిస్కు నిక్షేపంలా ఉంది, సాఫ్టువేరు వాళ్ళనడగండి" అన్నారు. సాఫ్టువేరు మద్దతు వాళ్ళు "ఈ రకం డిస్కుకి ఆ వెర్షనులో మద్దతు లేదు" అన్నారు. సర్వరు అమ్మినవాళ్ళు ఏకంగా కొత్త సర్వరుకి తొమ్మిది వేల డాలర్ల కొటేషను పంపారు. అందరూ నిజమే చెప్పారు సుమండీ! ఒక్కరి మాటలో కూడా అబద్ధం లేదు. ఇంతలో పదో వారమో పదకొండో వారమో సర్వరు లోపలి జంట డిస్కుల్లో ఒకటి రాలిపోయింది. ఇక ఆ క్లినిక్కు మొత్తం, ఏళ్ళ తరబడి రోగుల ఎక్స్‌రేలతో సహా, సర్వరులో మిగిలిన ఒక డిస్కు మీదా, నాలుగేళ్ళ నాటి ఒక యూఎస్‌బీ డిస్కు మీదా ఆధారపడి ఉంది. అప్పుడు నాకు ఫోనొచ్చింది.

"చూడు బాబూ, నాకు మీ సెక్టర్లూ అవీ అక్కర్లేదు. రేపు ఇది పోతే నా పేషెంట్ల ఎక్స్‌రేలు వస్తాయా రావా, అది చెప్పు," అన్నారావిడ.

ఆ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పగలిగిన కంపెనీ ఒక్కటీ లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఎవరి పూచీలోనూ లేదు. మందు తేలికైనదే. 2 టెరాబైట్ల డిస్కులు రెండు, బయటికి 512 అని చెప్పేవి, వెతికి తెప్పించాం. ఆ వారాంతం బ్యాకప్పు తీసి, ఇంకో కంప్యూటరు మీద తెరిచి, పాత రోగి ఒకరి ఎక్స్‌రే తెర మీద చూపించాం. అయిన ఖర్చు రెండు డిస్కుల ధర, నా గంటల ఫీజు. తొమ్మిది వేల కొటేషను ఫైల్లోనే ఉండిపోయింది. ఆ సర్వరు తీసేసింది 2019 చివర్లో, 2008 ఆర్2కి మైక్రోసాఫ్టు మద్దతు 2020 జనవరి 14న ముగుస్తుందని ముందే తెలుసు కాబట్టి, తీరుబడిగా, ఆవిడకి వీలైన నెలలో.

ఇక్కడ మన వృత్తివాళ్ళతో నా తగాదా. అప్‌గ్రేడ్ వద్దని నేననడం లేదు. భద్రతా సవరణలు రాని సర్వరుని ఇంటర్నెట్టుకి తగిలించి ఉంచమని ఏ బుద్ధున్నవాడూ చెప్పడు. కానీ అప్‌గ్రేడ్ అనేది బ్యాకప్పు పనిచేస్తున్నప్పుడు చేసుకోవాల్సిన పని. చేతిలో నమ్మదగ్గ బ్యాకప్పు లేని రోజున కొత్త సర్వరుకి మారమనడం, ఈత రానివాణ్ణి పడవ మారమన్నట్టే. ముందు ఉన్న సాఫ్టువేరుకి సరిపోయే డిస్కు వెతికి ఇవ్వాలి, అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూపించాలి, ఆ తర్వాతే కొటేషను సంగతి. ఈ వరుస తారుమారు చెయ్యడం వల్ల లాభం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

ఇది విండోస్ వాళ్ళ గొడవ అని లినక్సు మిత్రులు నవ్వుకుంటూ ఉంటారు. కాస్త ఆగాలి. జెడ్ఎఫ్ఎస్‌లో పూలు కట్టేటప్పుడు యాషిఫ్ట్ అని ఒక విలువ ఉంటుంది, 9 అంటే 512, 12 అంటే 4096. ఒకసారి 9తో కట్టిన దాన్ని తర్వాత మార్చడం కుదరదు. అందులో ఒక డిస్కు పోయిన రోజున 4కె నేటివ్ డిస్కు తెచ్చి పెడితే తీసుకోదు. పాత చుట్టాన్ని కొత్త ఇంట్లోకి రానివ్వకపోవడం ఒక పద్ధతైతే, కొత్త చుట్టాన్ని పాత ఇంట్లోకి రానివ్వకపోవడం ఇంకో పద్ధతి.

కొత్త సంగతి కూడా కాదు. డిస్కు చిరునామాకి 28 బిట్లే ఉన్న రోజుల్లో హద్దు 137 జీబీ. విండోస్ 2000లో సర్వీస్ ప్యాకుతో పాటు రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టకుండా అంతకంటే పెద్ద డిస్కు వాడితే డేటా పాడయ్యే ప్రమాదముందని మైక్రోసాఫ్టే రాసి పెట్టింది. తర్వాత 2.2 టెరాబైట్ల గోడ. 3 టెరాబైట్ల డిస్కుని పాత యూఎస్‌బీ అడాప్టరుకి తగిలిస్తే 746 జీబీ అని చూపించడం మీలో కొందరైనా చూసే ఉంటారు. మూడులోంచి రెండు పాయింటు రెండు తీసేస్తే మిగిలే చిల్లర అది. గోడ దాటిన ప్రతిసారీ మనం "ఇక గోడల్లేవు" అనుకున్నాం.

ఇప్పుడు మాత్రం లేవా? విండోస్ 11 వచ్చిన 2021లో కొన్ని కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవులున్న కంప్యూటర్ల మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదలవనని మొరాయించింది. ఆ డ్రైవులు తమ సెక్టరు 4096 కంటే పెద్దదని నిజం చెబుతున్నాయి. డేటాబేసుకి 512, 4096 తప్ప ఇంకో కొలత తెలియదు. మైక్రోసాఫ్టు సూచించిన మందు, రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టి డ్రైవు చేత 4096 అని చెప్పించడం. మళ్ళీ దుబాసీయే! "మా కంపెనీలో అంతా క్లౌడేనండీ, ఈ బాధలు మాకు లేవు" అనే మిత్రులకి ఒక మాట. క్లౌడులో కూడా డిస్కులున్నాయి, బాధలు పడేవాళ్ళూ ఉన్నారు. మీ బదులు వాళ్ళు పడుతున్నారు, బిల్లులో వసూలు చేసుకుంటున్నారు, అంతే.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు కోపం తెప్పించేది పెట్టె మీది ఆ ఒక్క మాట, "పనిచేస్తుంది". దేనికి పనిచేస్తుంది? టేపుల వాళ్ళని చూడండి. మనం మ్యూజియం సరుకు అని వెక్కిరించే ఎల్‌టీఓ టేపుల్లో ఏ తరం డ్రైవు ఏ తరం టేపుని చదువుతుందో, దేని మీద రాస్తుందో మొదటి నుంచీ స్పష్టంగా చెప్పారు. ఏడో తరం దాకా నియమం, రెండు తరాలు వెనక్కి చదవాలి, ఒక తరం వెనక్కి రాయాలి. ఎనిమిదో తరంలో ఆ నియమం తప్పాల్సి వచ్చింది, ఆరో తరం టేపు చదవదు. ఆ సంగతీ దాచలేదు, పట్టికలో రాశారు. టేపుతో బ్యాకప్ చేసేవాడు ఈ పట్టిక చూసి పదేళ్ళ ప్రణాళిక వేసుకోగలడు. యూఎస్‌బీ డిస్కు కొనేవాడికి పెట్టె మీద బరువు, రంగు, వారంటీ, ఎన్ని వేల పాటలు పడతాయో కూడా ఉంటాయి కానీ బయటికి ఎంత సెక్టరు చూపిస్తుందో ఉండదు. ఒక చిన్న వరుస అచ్చు వెయ్యడానికి సిరా ఖర్చు ఎంత?

ఈ మూగతనం ఎంత దూరం పోతుందో మా మిత్రుడి కథ చెబుతుంది. ఆయన ఇండియా వెళ్తూ గుంటూరులో స్కానింగ్ సెంటరు నడిపే పిన్నిగారబ్బాయికి 3 టెరాబైట్ల యూఎస్‌బీ డిస్కొకటి పట్టుకెళ్ళాడు. రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత పెట్టె బోర్డు పోయింది. తమ్ముడు హుషారైనవాడు, పెట్టె ఊడదీసి లోపలి డిస్కుని నేరుగా కంప్యూటరుకి తగిలించి, అర్ధరాత్రి ఫోను చేశాడట.

"అన్నయ్యా, డిస్కు తిరుగుతోంది గానీ ఖాళీగా కనపడుతోంది. ఫార్మాట్ చెయ్యమంటోంది, చెయ్యనా?"

"ఒరేయ్, ముట్టుకోకు! నేను చెప్పేదాకా దేని మీదా నొక్కకు."

జరిగిందేమిటంటే, పెట్టెలో ఉండగా పార్టిషను పట్టికలో అంకెలన్నీ 4096 లెక్కన రాసి ఉన్నాయి. పెట్టె పోగానే డిస్కు 512 లెక్కన చదివించింది. చిరునామాలన్నీ ఎనిమిదో వంతు దూరంలో వెతికితే ఏం దొరుకుతుంది? డేటా అంతా అక్కడే ఉంది, దాని భాష తెలిసిన దుబాసీ ఒక్కడే చచ్చిపోయాడు. అదే మోడలు పెట్టె ఇంకోటి సంపాదించి అందులో పెడితే స్కానులన్నీ తిరిగొచ్చాయి. కొన్ని పెట్టెల్లో ఆ బోర్డే ఎన్‌క్రిప్షను కూడా చేస్తుంది. అప్పుడు పెట్టె తాళంచెవి కూడానన్నమాట. ఆ కుర్రాడు "ఫార్మాట్" నొక్కి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ బటను మీద ఎవరైనా ఎందుకు నొక్కరు? విండోసే కదా పిలిచి మరీ అడుగుతోంది.

సాఫ్టువేరువాళ్ళని వదిలెయ్యనక్కర్లేదు. సర్వర్ 2003 దాకా ఉన్న ఎన్‌టీ బ్యాకప్‌ని 2008లో ఎత్తేసినప్పుడు దానితో పాటు టేపుకి రాయడమూ పోయింది, పాత బీకేఎఫ్ ఫైళ్ళని నేరుగా చదవడమూ పోయింది. చదవడానికి మాత్రం విడిగా ఒక చిన్న ప్రోగ్రాము ఇచ్చారు, 2008కి ఒకటి, 2008 ఆర్2కి ఒకటి. ఇవాళ్టి విండోస్‌తో బీకేఎఫ్ తెరిచే సాధనమేదీ రాదు. అదే 2008 ఆర్2 కాలపు వీహెచ్‌డీ ఫైలుని విండోస్ 11లో డిస్క్ మేనేజ్‌మెంటులోంచి అటాచ్ చేసి తెరవొచ్చు, బ్యాకప్పు ప్రోగ్రాముతో పనే లేదు. పైన అంత తిట్టిన వీహెచ్‌డీని ఇక్కడ మెచ్చుకోక తప్పదు. ఏ బ్యాకప్ సాఫ్టువేరు కొనబోయినా నేనడిగే మొదటి ప్రశ్న ఇప్పుడిదే: మీ ప్రోగ్రాము లేకుండా, మీ కంపెనీ లేకుండా, ఈ ఫైలు తెరవగలనా? అమ్మేవాళ్ళకి ఈ ప్రశ్న నచ్చదు.

ఇక నా పద్ధతి. సర్వరు కొన్న రోజే దాని జీవితకాలానికి సరిపడా బ్యాకప్పు డిస్కులు కొనిపిస్తాను, ఒకటో రెండో అదనంగా, సీలు విప్పకుండా. సర్వరు ఏడెనిమిదేళ్ళు ఉంటుంది, డిస్కు మోడలు కొట్లో రెండేళ్ళు కూడా ఉండదు. "ఇప్పుడే ఎందుకండీ, ధరలు తగ్గుతాయిగా" అంటారు. ధర తగ్గొచ్చు, కానీ అప్పుడు దొరికేది ఈ డిస్కు కాదు. సీలు డిస్కులు బీరువాలో ఉన్నా పాతబడతాయని కొందరు సహోద్యోగులు వాదిస్తారు, అందులో నిజం లేకపోలేదు. అందుకే ఏడాదికోసారి తీసి నడిపించి పెడతాను. కొత్త డిస్కు ఏది వచ్చినా తగిలించిన వెంటనే ఎఫ్ఎస్‌యుటిల్ ఆదేశంతో రెండు అంకెలు చూడాలి, బైట్స్ పర్ సెక్టర్, బైట్స్ పర్ ఫిజికల్ సెక్టర్. మొదటిది 512, రెండోది 4096 అయితే దుబాసీ ఉన్నట్టు. రెండూ 4096 అయితే 2008 తరం బ్యాకప్పుకి పనికిరాదు, ఆ రోజే కొట్లో తిరిగిచ్చెయ్యొచ్చు. పదకొండు వారాలు ఆగక్కర్లేదు. రెండో అంకె "నాట్ సపోర్టెడ్" అని వస్తే పైన చెప్పిన అప్‌డేట్ పడిందా అని చూసుకోవాలి.

వెనక్కి తెచ్చే పరీక్ష గురించి ఒక మాట. చాలామంది బ్యాకప్పు పరీక్షించడమంటే అదే సర్వరు మీదికి ఒక ఫైలు తెచ్చి చూడటమనుకుంటారు. సర్వరే పోతే తెచ్చి పోసేది కొత్త డిస్కు మీద. కాబట్టి పరీక్ష కూడా ఇవాళ కొట్లో దొరికే డిస్కు మీద జరగాలి. 512 డిస్కు నుంచి తీసిన పూర్తి బ్యాకప్పుని 4కె నేటివ్ డిస్కు మీద పొయ్యడం కుదరదు. పాత బయోస్ సర్వరుకి పెద్ద డిస్కు పెట్టినా బూటు అయ్యేది 2.2 టెరాబైట్ల లోపలే. ఇవన్నీ క్లినిక్కు మూతపడి ఉన్న సోమవారం ఉదయం తెలుసుకునే కంటే, ఖాళీగా ఉన్న శనివారం తెలుసుకోవడం మంచిది.

డాక్టరుగారి క్లినిక్కులో ఇప్పటికీ ప్రతి బ్యాకప్పు డిస్కు మీదా ఒక చీటీ అంటించి ఉంటుంది. కొన్న తేదీ, బయటి సెక్టరు, లోపలి సెక్టరు, ఏ సాఫ్టువేరు ఏ వెర్షనుతో రాసింది, చివరిసారి ఎప్పుడు ఏ కంప్యూటరు మీద తెరిచి చూశాం. ఆఖరి గడి ఆఫీసు మేనేజరు నింపుతుంది, మూడు నెలలకోసారి, పెన్సిలుతో. పోయినసారి నేను వెళ్ళినప్పుడు ఆ గడిలో జాగా అయిపోయి పక్కన ఇంకో చీటీ అంటించి ఉంది.